నేను చల్లిన కారం

నాకు కోపం ఎక్కువ. ముక్కు మీద ఉంటుందని అందరూ అనేవారు గానీ, నిజానికి అది నా చేతుల్లో ఉండేది. నోరు తెరిచేలోగా చేయి లేచేది. నా మట్టి గురిగి పగలగొట్టిందని పక్కింటి పిల్ల చెవి కొరికాను. నా అక్షరాలు చూసి నవ్వాడని మా బావ పలక తీసి అతని నెత్తినే కొట్టాను. పలక రెండు ముక్కలైంది, నెత్తికి ఏమీ కాలేదు, తిట్లు మాత్రం నాకే పడ్డాయి. ఇప్పుడు ఎనభై దాటాయి. చెంబు రెండు చేతులతో ఎత్తాల్సి వస్తుంది. కోపం అలాగే ఉంది, ఎక్కువగా నా మీదే.

మా ఇంట్లో అందరూ కొట్టేవాళ్ళే. వరంగల్ మట్టెవాడలో ముందు దుకాణం, వెనక ఇల్లు. దుకాణంలో తమలపాకులు, వక్కలు, పొగాకు, సున్నం అమ్మేవాళ్ళం. బాపుకు, అంటే మా నాన్నకు, కోపం వస్తే తక్కెడ కోల అందుకునేవాడు. బాపు తల్లి, మా బాపమ్మ, పొయ్యి ఊదే గొట్టంతో కొట్టేది. మా అమ్మ నన్ను కన్న మూడో రోజే పోయింది, కాబట్టి నన్ను పెంచింది బాపమ్మే. అన్నం పెట్టిన చేత్తోనే వీపు మీద వేసేది. వేశాక పసుపూ నూనే కలిపి రాసేది, రాస్తూ రాస్తూ జ్ఞాపకం వచ్చి మళ్ళీ ఒకటి వేసేది. మా ఇంట్లో ప్రేమనూ దెబ్బనూ ఎవరూ వేరువేరుగా చూపించలేదు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. అదే నా కొంప ముంచింది.

బావ మా మేనత్త కొడుకు. మేనత్తది పాలకుర్తి దగ్గర పల్లె. భర్త పోయాక, కొడుక్కి నాలుగు అక్షరాలు రావాలని అతన్ని మా ఇంట్లో పెట్టింది. హనుమకొండ బడికి రోజూ నడిచి పోయి నడిచి వచ్చేవాడు. నాకంటే ఐదేళ్ళు పెద్ద. పొడుగ్గా, సన్నగా, కొంచెం వంగి ఉండేవాడు. ఎవరు కొట్టినా తిరిగి కొట్టేవాడు కాదు. మా ఇంట్లో అలాంటి మనిషి అతనొక్కడే. బాపమ్మ గొట్టం ఎత్తితే వీపు తిప్పి కూర్చుని, "కొట్టు అమ్మమ్మా, నీ చెయ్యి గుంజేదాక కొట్టు" అనేవాడు. ఆమె నవ్వొచ్చి గొట్టం పక్కన పడేసేది. నాకు అది చూస్తే ఒళ్ళు మండేది. నేనైతే గొట్టం లాక్కునేదాన్ని.

మా కులంలో మేనరికం తప్పదు. మేనమామ కూతురి మీద మేనల్లుడికి హక్కు. ఆ హక్కు నాకు అక్కర్లేదని అనే హక్కు మాత్రం లేదు. నేను ఉయ్యాలలో ఉన్నప్పుడే బాపమ్మ నన్ను తీసి అతని ఒళ్ళో పెట్టి, "ఇగో, నీ పెండ్లాం" అన్నదట. దానికి ఆ ఐదేళ్ళవాడు ఏమన్నాడో ఎవరూ నాకు చెప్పలేదు. ఆ మాట వింటూ వింటూ నేను పెరిగాను. దుకాణం మాది, ఇల్లు మాది, బావ నావాడు. ఇందులో అనుమానించడానికి ఏముంది?

అప్పట్లో బడి చదువంతా ఉర్దూలోనే, అదీ మగపిల్లలకే. తెలుగు కావాలనుకున్నవాళ్ళు ఇళ్ళలో ఎవరి తంటాలు వాళ్ళు పడేవారు. శుక్రవారం బడికి సెలవు. ఆ రోజు మధ్యాహ్నం బాపు కునుకు తీస్తే, నేనూ బావా దుకాణం వెనక పొగాకు కట్టల మీద కూర్చునేవాళ్ళం. అతను చెప్పేవాడు, నేను దిద్దేదాన్ని. పొగాకు ఘాటుకు ఇద్దరికీ కళ్ళు ఎర్రబడేవి. అక్షరాలు పూర్తిగా వచ్చాక ఒక పుస్తకం తెచ్చాడు. దానికి అట్ట లేదు. మొదటి పుటలు చెదలు తినేశాయి. ఎవరు రాశారో, దాని పేరేమిటో అతనికీ తెలియదు. ఏదో పాత పద్యకావ్యం.

కథ చిన్నదే. ఒకామెకు ఒకతని మీద మనసు. అతను రోజూ ఆమె వాకిలి ముందు నుంచే పోతాడు గానీ తలెత్తి చూడడు. ఒకరోజు ఊరే విడిచిపోతాడు. ఆమె ఇంకెవరినీ చేసుకోకుండా అదే వాకిట్లో ముసలిదవుతుంది. చాలా ఏళ్ళకు, ఎండవేళ, ఒక ముసలివాడు వచ్చి మంచినీళ్ళు అడుగుతాడు. అతనే. కళ్ళు మసకబారి అతను ఆమెను పోల్చుకోలేడు, ఆమె మాత్రం చూడగానే పోల్చుకుంటుంది. అతను నీళ్ళు తాగి, ఈ వీధిలో ఒకప్పుడు ఒక పిల్ల ఉండేది, ఒక్కసారి తలెత్తి చూసినా నా బతుకు ఇంకోలా ఉండేది అంటాడు. ఆమె ఇంకొన్ని నీళ్ళు పోస్తుంది. ఆ పిల్లను నేనే అని చెప్పదు. కావ్యం అక్కడితో అయిపోతుంది.

ఆ చివరి పద్యాలను బావ రెండేసి సార్లు చదివేవాడు. నాకు మాత్రం చెడ్డ కోపం వచ్చేది.

"ఎందుకు చెప్పదు?" అని అడిగాను.

"చెప్తే ఏమొస్తది? ఇద్దరూ ముసలోళ్ళయిరి."

"నేనైతే ఆ చెంబుతోనే వాని నెత్తి పగలగొడ్త."

"పగలగొట్టి?"

"అప్పుడు చెప్త, నేనేనని."

బావ చాలాసేపు నవ్వాడు. "నీకు పద్యం ఎక్కది పో. ఆమె చెప్పకపోవుట్లనే ఉన్నది అంత," అన్నాడు.

ఎక్కకపోవడమేమిటి, మొత్తం కంఠతా పట్టాను. ఆకులు కడుగుతూ, వక్కలు కత్తిరిస్తూ అదే గొణుక్కునేదాన్ని. మేనబావ మరదలిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రేమ పద్యాలు చదివాడంటే దానికి ఇంకో అర్థం ఉంటుందని మా వాడలో ఎవరికీ తోచదు. బాపమ్మ గుమ్మంలోంచి తొంగిచూసి, నోరు మూసుకుని నవ్వుతూ వెళ్ళిపోయేది. నాకూ తోచలేదు. నన్ను ముసలిదాన్ని కానివ్వనని, నన్ను అలా వాకిట్లో నిలబెట్టనని అతను నాకు మాట ఇస్తున్నాడనే అనుకున్నాను.

తర్వాత కాలం చెడింది. హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలవని ఏడాది అది. ఊళ్ళ మీద మూకలు పడుతున్నాయని, ఇళ్ళకు నిప్పు పెడుతున్నారని రోజుకో వార్త. పల్లెల జనం బండ్లు కట్టుకుని వరంగల్ వచ్చేవారు. ఒకసారి మా దుకాణం ముందు బండి ఆగింది. వడ్ల బస్తాల మధ్య ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. రెండు చేతులకూ ధోవతి చింపి చుట్టారు. రక్తం ఎండి ఆ గుడ్డ అట్టలా బిగుసుకుపోయింది. పొగాకు కావాలన్నాడు. బాపు ఒక కాడ తెంపి ఇవ్వబోయి, ఆ చేతులను చూసి, తనే ఆయన నోట్లో పెట్టాడు. ఎవరు నరికారని అడిగితే ఆయన నములుతూ ఊరుకున్నాడు.

మా గల్లీ మొగదల ఒక బట్టల వ్యాపారిని పట్టపగలు కట్టెలతో కొట్టి చంపారు. నేను తలుపు సందులోంచి చూశాను. మొదట అరిచాడు, తర్వాత అరవలేదు, అయినా కొట్టేవాళ్ళు ఆపలేదు. మనిషిని అట్లా కొడుతుంటే వచ్చే చప్పుడు రోట్లో మిరపకాయలు దంచే చప్పుడులాగే ఉంటుంది. ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇంట్లో రోకలి ఎత్తాలంటే నాకు చేతులు రాలేదు.

కానీ ఎత్తక తప్పలేదు. గల్లీ ఆడవాళ్ళంతా కూడి ఒక కట్టడి చేసుకున్నారు. ప్రతి ఇంటి తలుపు పక్కన ఒక మూకుడు నిండా కారం ఉండాలి. మగవాళ్ళు ఎవరూ తలుపు తట్టకూడదు. గడప ఎక్కకముందే వీధిలోంచి తనవాళ్ళను కేకేయాలి. కేక లేకుండా తలుపు మీద చేయి పడిందంటే, వచ్చింది ఎవరని చూడొద్దు, చల్లడమే. దీనికోసం బాపు మా తలుపుకు మొహం ఎత్తున అరచేతి వెడల్పు కిటికీ కోయించాడు. ముక్కులకు గుడ్డలు కట్టుకుని ఇల్లిల్లూ దంచింది. రెండు రోజులు గల్లీ అంతా తుమ్ములే. కుక్కలు కూడా ఆ దారి వదిలేశాయి.

నాకు ఉత్త కారం చాలదనిపించింది. కారం పడ్డవాడు ఏడుస్తాడు, కడుక్కుంటాడు, మళ్ళీ వస్తాడు. వెల్ల వేసుకోవడానికి జనం కొనుక్కుపోయే రాతిసున్నం మా దుకాణంలో ఉంది. నీళ్ళు తగలని సున్నం. దాన్ని గుడ్డ చుట్టుకున్న చేతులతో మెత్తగా నూరి, జల్లించి, మా మూకుడులో సగానికి సగం కలిపాను. బాపమ్మ వచ్చి చూసింది.

"గిదేందే?"

"వచ్చినోడు మల్ల రావద్దు," అన్నాను.

ఆమె నా తల నిమిరింది. నన్ను ఆమె మెచ్చుకున్న రోజులు చాలా తక్కువ. నాకు అప్పుడు పదిహేడు.

మా వాళ్ళలో పదిహేడంటే ఆలస్యమే. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా బావ ముందు చదువు అన్నాడు, తర్వాత నౌకరి అన్నాడు. ఆ వేసవిలో ఒక పొద్దున బాపమ్మ అందరినీ వంటింటి ముందు కూర్చోబెట్టింది.

"కాలం మంచిగ లేదు. పిల్లను ఒకని చేతుల పెడితే నాకు ఫికర్ ఉండది. ఈ నెలల్నే కానియ్యాలె," అంది.

బావ లేచి నిలబడ్డాడు. "నేను చేసుకోను అమ్మమ్మా," అన్నాడు.

"ఏమన్నవ్?"

"దాన్ని నేను చెల్లె లెక్క చూసిన."

మరదలిని చెల్లె అనడం మా కులంలో ఎంత మాటో ఇప్పటి వాళ్ళకు తెలియదు. మొహాన ఉమ్మినా తుడుచుకోవచ్చు.  బాపు దుకాణంలోకి పోయి తక్కెడ కోల తెచ్చి బావ భుజం మీద వేశాడు. రెండోది మెడ మీద పడింది. మూడోదానికి బావ ఆ కోలను పట్టుకున్నాడు. అతను ఒక దెబ్బను ఆపడం నేను చూసింది అదే మొదటిసారి. తిరిగి కొట్టలేదు, పట్టుకుని నిలబడ్డాడంతే.

"మామా, మా ఊళ్ళె ఇంకో పిల్ల ఉన్నది. మాట ఇచ్చిన," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నేను నీకు ఎప్పుడన్న చెప్పిన్నా, చేసుకుంటనని?"

"పద్యం చదివినవ్ గద," అన్నాను.

"పద్యమా?" అన్నాడు. అతనికి నిజంగా అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైంది. ఆ అర్థమవడం అతని మొహంలో నేను చూశాను. అందులో జాలి ఉంది. "అది పద్యమే పిల్లా," అన్నాడు.

జాలి కంటే తక్కెడ కోల నయం. నేను గూట్లో ఉన్న ఆ పుస్తకం తీసి, ఆ చివరి పుటలను పిడికిలి పట్టి చింపి పొయ్యిలో వేశాను. బావ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఉన్న బట్టలతోనే హనుమకొండలో ఎవరో స్నేహితుడి గదికి వెళ్ళిపోయాడు. మెడ మీద కోల వాత ఎర్రగా తేలి ఉంది.

రెండు రోజులు నేను తినలేదు. ఏడ్చాను, గోడలను తన్నాను, బాపమ్మ తెచ్చిన కంచం విసిరేశాను. మూడో రోజు మధ్యాహ్నం బాపు స్టేషన్ వైపు పోయాడు. బాపమ్మ వెనక గదిలో నిద్రపోతోంది. నేను తలుపు పక్కన కూర్చుని కుళ్ళిన తమలపాకులు ఏరుతున్నాను. గల్లీలో ఎండ తప్ప ఏమీ లేదు. మా గడప మీద అడుగు పడింది. కేక లేదు. తలుపు మీద చేయి పడింది, మెల్లగా, ఎవరినో లేపకూడదన్నట్టు.

నేను కిటికీ తీశాను.

ఇక్కడినుంచి రాసేది నేను యాభై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. వచ్చింది ఎవరో చూడొద్దు, చల్లాలి అనేది కట్టడి. నేను చూశాను. బావే. తలకు తువ్వాలు చుట్టుకుని, పక్కకు తిరిగి గల్లీ వైపు చూస్తున్నాడు. కేకేస్తే నేను వస్తానని కేకేయలేదు. గడియ పడి లేకపోతే మెల్లగా తోసుకుని వచ్చి, నా మొహం చూడకుండా తన పుస్తకాలు తీసుకుని పోదామని, నిద్రవేళ చూసుకుని వచ్చాడు. ఆ సంగతి అంతా నాకు ఒక్క రెప్పపాటులో తెలిసింది.

అతన్ని ఏడిపించాలనిపించింది. చంపాలని కాదు, కళ్ళు తీయాలని కాదు. రెండు రోజులుగా నేను ఏడుస్తున్నాను, అతను ఒక్క పూట ఏడిస్తే చాలనిపించింది. వంటింట్లో ఉత్త కారం ఉంది. దానికోసం లేచి పోవాలి. తలుపు పక్కన మూకుడు ఉంది. చేతికి అందింది అదే.

"ఏడ్వు," అన్నాను. అతను ఇటు తిరిగేసరికి గుప్పెడు తీసి మొహాన కొట్టాను.

సున్నం కలిపిన సంగతి నాకు గుర్తు రాలేదు. ఈ మాట ఎవరూ నమ్మరు. కొన్ని రోజులు నేనూ నమ్మను. కలిపింది నేనే, మెచ్చుకోలు పొందింది నేనే, ఎట్లా మరిచిపోయాను? కానీ కోపం వచ్చినప్పుడు నాకు చేతులే ఉంటాయి, తల ఉండదు. మా ఇంట్లో అందరికీ అంతే.

అతను మొదట అరవలేదు. ఊపిరి పీల్చినట్టు ఒక చప్పుడు చేశాడు. తర్వాత అరిచాడు. నేను తలుపు తీసేసరికి గడప మీద పడి రెండు చేతులతో మొహాన్ని రక్కుకుంటున్నాడు. బాపమ్మ పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం లోపలికి లాగాం. చెంబుతో నీళ్ళు పోసిన కొద్దీ మంట ఎక్కువైంది, సున్నం కదా, అది నీళ్ళకు ఉడుకుతుంది. ఆ అరుపు మనిషి అరుపులా లేదు. అతని చేతులు పట్టుకోబోతే నా మణికట్టు కొరికాడు. పళ్ళ గుర్తు ఇప్పటికీ ఉంది.

బాపమ్మ మూకుడు చూసింది, నా అరచేయి చూసింది. చెమటకు సున్నం కాలి అరచేయి పొక్కింది. నా చెంప మీద ఒక్కటి కొట్టింది. వారం రోజులు ఆ వైపు చెవి వినపడలేదు. తర్వాత నన్ను వెనక్కి లాక్కుపోయి, చేయి నూనెతో తుడిచి, పైట కింద దాచింది.

"గల్లీల ఎవడో చల్లి ఉరికిండు. నువ్వు లోపల పండుకున్నవ్. సమజైందా?" అంది.

అందరికీ అదే చెప్పింది. అందరూ నమ్మారు. ఆ రోజుల్లో ఎవడో వచ్చి ఏదో చేసి పోయాడంటే నమ్మనివాడు లేడు. బాపు వచ్చి బండి కట్టించి దవాఖానకు తీసుకుపోయేసరికి, దారిలో బందోబస్తు దాటుకుని పోయేసరికి, పొద్దు వాలింది. డాక్టరు వేళ్ళతో రెప్పలు విప్పి చూసి, చూపు రాదన్నాడట.

మరునాడు మా గల్లీ మగవాళ్ళు ఆ ఎవడో కోసం వెతికారు. చౌరస్తాలో ఎవరూ ఎరగని పొరుగూరివాడొకడు దొరికాడు. తనకేమీ తెలియదని మొక్కుతున్నా వినకుండా మోకాలు విరగ్గొట్టి వదిలారు. ఆ మోకాలు కూడా నా ఖాతాలోదే. నేను లోపల కూర్చుని విన్నాను, నోరు తెరవలేదు.

బావ ఆ వానాకాలమంతా మా ముందు గదిలోనే ఉన్నాడు. కళ్ళకు కట్టు. ఎవరు చల్లారని ఒక్కసారీ అడగలేదు, ఎవరి మీదా అనుమానం చెప్పలేదు. ఒక రోజు మేనత్త ఊరినుంచి వచ్చి, బావ మాట ఇచ్చిన ఆ పిల్లకు వాళ్ళవాళ్ళు వేరే సంబంధం చేసేశారని చెప్పింది. గుడ్డివాడికి ఎవరిస్తారు? బావ గోడ వైపు తిరిగి నుదురు గోడకేసి కొట్టుకున్నాడు. రెండుసార్లు కొట్టుకున్నాక బాపమ్మ తన అరచేయి మధ్యలో పెట్టింది. మూడో దెబ్బ ఆమె చేయి మీద పడింది. ఆ వార్త విన్న క్షణంలో నాకు సంతోషం కలిగింది. అన్నీ రాస్తున్నాను కాబట్టి అది కూడా రాయాలి.

నేను బావనే చేసుకుంటానని బాపుతో చెప్పాను. బావ వద్దన్నందుకు ఎత్తిన కోలనే బాపు ఇప్పుడు నేను చేసుకుంటానన్నందుకు ఎత్తాడు. చూపులేనివాడికి పిల్లను ఇవ్వకపోయినా మేనరికం తప్పినట్టు కాదని కులపెద్దలు ముందే చెప్పి పెట్టారు. నేను దెబ్బలు తిని, అట్లాగే ముందు గదిలోకి పోయాను.

"బావా, నన్ను చేసుకో. బతికినన్ని రోజులు చూసుకుంట," అన్నాను.

"వద్దు."

"ఎందుకు?"

"వద్దన్న గద." కొంచెం ఆగి, "ఆ పుస్తకం ఉన్నదా? ఉంటే చదువు," అన్నాడు.

చదివాను. రోజూ చదివాను. చింపిన పుటల దగ్గరికి వచ్చాక కంఠతా వచ్చింది అప్పజెప్పాను. ముసలివాడి కళ్ళు మసకబారాయనే పద్యం ఒకటి ఉంటుంది. అది వదిలేసి తర్వాతిదానికి పోయేదాన్ని. బావకు కావ్యమంతా నోటికి వచ్చు. ఆ చోటుకు రాగానే కదలకుండా ఉండేవాడు, ఒకటి వదిలేశావని అనేవాడు కాదు.

అప్పటినుంచే నాకు ఆ ప్రశ్న పట్టుకుంది. నేను "ఏడ్వు" అన్నది అతను విన్నాడా, లేదా? వినకపోతే నేను దొంగను, అతని ముందు కూర్చుని పద్యాలు చదివే దొంగను. విని ఉంటే? విని, నేనేనని తెలిసి, నన్ను ఎవరికీ పట్టివ్వకుండా దాచుకున్నాడంటే? కళ్ళు తీసినదాన్ని ఒక మనిషి ఎందుకు కాపాడతాడు? దానికి ఒకటే కారణం ఉంటుందని నేను అనుకున్నాను. చెల్లె అన్నా, వద్దన్నా, లోపల ఏదో ఉందని. పద్యంలో ఆమె నోరు విప్పలేదు, ఇతనూ విప్పడం లేదని. అడిగితే ఆ ఆశ ఉంటుందో పోతుందో తెలియక అడగలేదు.

వానలు వెనకబడ్డాక హైదరాబాద్ ఇండియాలో కలిసింది. గల్లీ ఆడవాళ్ళు మూకుళ్ళు తీసుకుపోయి కారం మోరీలో పారబోశారు. మరుసటి వేసవిలో నన్ను కేసముద్రంలో వడ్ల వ్యాపారికి ఇచ్చారు. మంచి మనిషి. ఒకసారి నా మీద చేయి చేసుకున్నాడు, నేను వడ్ల కుంచం తీసి తిరిగి కొట్టాను, ఆ తర్వాత ఇద్దరం సుఖంగానే కాపురం చేశాం. పిల్లలు పుట్టారు, పెద్దవాళ్ళయ్యారు. బావ హనుమకొండలో ఒక గది తీసుకుని పిల్లలకు పద్యాలు నోటితో చెప్పి నేర్పేవాడు. పెళ్ళి చేసుకోలేదు. బంధువుల ఇళ్ళలో పెళ్ళిళ్ళకూ చావులకూ కనిపించేవాడు. నా అడుగు చప్పుడుకే పోల్చుకుని "వచ్చినవా" అనేవాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఆరు నెలలు బతికేదాన్ని. పొయ్యి ముందు కూర్చుని, వడ్లు చెరుగుతూ, మొగుడికి అన్నం పెడుతూ అదే మాటను తిరగేసి బోర్లేసి చూసేదాన్ని. సిగ్గు లేదా అంటే లేదు.

బాపమ్మ ఎవరికీ చెప్పకుండానే పోయింది. నా భర్తా పోయాడు. నాకు డెబ్బై దగ్గర పడుతుండగా ఒకరోజు కూరగాయలు తరుగుతూ, బావ పోయాడనే కబురు ముందు వస్తే నేనేం చేయాలి అనుకున్నాను. కత్తిపీట అక్కడే వదిలేసి బస్సెక్కాను.

అతని గదిలో అప్పుడే పిల్లలు వెళ్ళిపోయారు. ఫ్యాన్ తిరుగుతోంది. వైరు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, జుట్టంతా తెల్లబడింది. రెప్పల చుట్టూ ఆ పాత మచ్చలు ఇంకా గట్టిగా, మెరుస్తూ ఉన్నాయి. "వచ్చినవా" అన్నాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"బావా, ఆనాడు కారం చల్లింది నేనే. గల్లీల ఎవడూ లేడు. నువ్వేనని చూసే చల్లిన. సున్నం కలిపింది గూడ నేనే."

"ఎరికే," అన్నాడు.

"ఎరికేనా?"

"ఏడ్వు అన్నవ్ గద. నీ గొంతు నాకు తెల్వదా?"

 నేల మీద కూర్చుండిపోయాను. భయం కాదు, సంతోషం. యాభై ఏళ్ళు ఏ మాట కోసం కాచుకున్నానో ఆ మాట వచ్చింది. అతనికి తెలుసు, తెలిసి కూడా నన్ను కాపాడాడు. ఆ ముసలి వయసులో నా గొంతు పదిహేడేళ్ళ పిల్ల గొంతులా సన్నగా వచ్చింది.

"మరెందుకు చెప్పలే బావా ఎవరికీ?"

 "వద్దు, ఇగ ఊకో," అన్నాడు. నేను ఊరుకోలేదు. చెప్పమన్నాను. నా కోపం నన్ను ఎప్పుడు ఊరుకోనిచ్చింది గనక.

"చెప్తే కులపోళ్ళు ఏమంటుండె? కండ్లు తీసిన పిల్లనే చేసుకొని సాదాలె అంటుండె. మీ బాపు గూడ కాదనకపోవు. నిన్ను నాకే కట్టేటోళ్ళు," అన్నాడు. "అందుకే చెప్పలే."

గొంతులో కోపం లేదు. పిల్లలకు పద్యానికి అర్థం చెప్పినట్టే నిదానంగా చెప్పాడు. తక్కెడ కోల, గొట్టం, బాపమ్మ చేయి, అన్నీ తిన్నదాన్ని. ఇంత దెబ్బ ఎవరూ కొట్టలేదు. అప్పుడైనా లేచి రావలసింది. లేవలేదు. ఇంకొకటి అడిగాను.

"మీ ఊరి ఆ పిల్ల చల్లి ఉంటే?"

అతని మొహం నా వైపు తిరిగింది. ఆ మొహంలో అంత వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు, కళ్ళున్న రోజుల్లో కూడా.

"చెప్పేటోన్ని," అన్నాడు. "దవాఖానకు పోకముందే, మామ బండి కట్టకముందే చెప్పేటోన్ని."